బొగ్గు పట్టాల మీద మనుషుల బండి

1974 ఎండాకాలంలో నన్ను ఆదిలాబాద్ జిల్లా బొగ్గు గనుల ప్రాంతంలోని ఒక వర్క్‌షాపుకు బదిలీ చేశారు. మాది చొప్పదండి దగ్గరి పల్లె. ఇంట్లో నాగలి వదిలి ఇంజినీరింగ్ చదివిన మొదటివాణ్ని నేనే కాబట్టి, నేనెక్కడో పెద్ద ఆనకట్టలు కడుతున్నానని మా బాపు ఊళ్లో చెప్పుకునేవాడు. నిజానికి నా ఉద్యోగం టబ్ లైన్లు చూసుకోవడం. టబ్ అంటే నాలుగు చక్రాల మీద ఉండే ఇనప పెట్టె, బొగ్గు మోసేది. రెండడుగుల ఎడంతో వేసిన సన్న పట్టాల మీద ఈ పెట్టెలను ఒకదానికొకటి తగిలించి, చిన్న డీజిల్ లోకోతో గని నుంచి రైల్వే సైడింగ్ దాకా లాగుతారు. అక్కడ పెద్ద రైలు వ్యాగన్లలోకి బొగ్గు మారుతుంది. పట్టాలు వంగకుండా, పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క స్లీపర్లు కుళ్లకుండా, చక్రాలు పట్టా దిగకుండా చూడటం నాకు అప్పజెప్పిన పని.

ఉద్యోగకాలంలో చాలా లైన్లు వేశాను, చాలా లైన్లు తీసేశాను. వాటిలో ఒక్కదాని గురించే మనుషులు ఇప్పటికీ నన్ను ఆపి మాట్లాడతారు. అది నేను వేసింది కాదు. నిజాం కాలంలో ఎవరో వేసింది.

ఆ లైను ఒక పాత ఇంక్లైన్ నుంచి మొదలయ్యేది. ఇంక్లైన్ అంటే నేలలోకి ఏటవాలుగా దిగే గని. బొగ్గు అయిపోవడంతో దాన్ని కొన్నేళ్ల కిందటే మూసేశారు. కానీ గని పక్కన కట్టిన కార్మికుల కాలనీ అక్కడే మిగిలిపోయింది. మగవాళ్లు వేరే గనుల్లోకి మారారు, పొద్దునా సాయంత్రం కంపెనీ లారీల్లో పోయి వచ్చేవారు. ఆ గనులు, రైల్వే స్టేషను, అంగడి, దవాఖాన, హైస్కూలు అన్నీ వాగుకు ఇవతల పట్నంలో ఉండేవి. కాలనీ ఒక్కటే అవతల. రోడ్డు వాగును దాటే చోట కల్వర్టు నేలబారుగా ఉండేది. వాన పడితే దాని మీదుగా నీళ్లు పారేవి. మూసేసిన టబ్ లైను మాత్రం ఎత్తయిన రాతి స్తంభాల మీద, దూలాల్లాంటి ఇనప గిర్డర్ల మీదుగా వాగును దాటేది. వానాకాలంలో కాలనీకి ఉన్న దారి ఆ వంతెన ఒక్కటే. స్లీపరుకు స్లీపరుకు మధ్య ఖాళీ, కింద ఎర్రటి నీళ్లు. దాని మీదే జనం అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేవారు.

నేను చేరిన కొద్ది రోజులకే ఆ లైను పీకేయమని ఉత్తర్వు వచ్చింది. కొత్త గని ఒకటి తెరుస్తున్నారు. ఆ రోజుల్లో ఉక్కు దొరకడం కష్టం. పట్టాల కోసం గని ఆగిపోయి ఉంది. వాడకంలో లేని లైను తీసి వాడే లైను వేయడంలో ఎవరికీ తప్పు కనిపించదు. నాకూ కనిపించలేదు.

పని మొదలుపెట్టే ముందు లైను మొత్తం చూసుకోవాలని ట్రాలీ మీద బయలుదేరాను. ట్రాలీ అంటే చక్రాల మీద ఒక బల్ల, దాని మీద ఒక బెంచి. అధికారి కూర్చుంటాడు. ఇద్దరు ట్రాలీమన్లు వట్టి కాళ్లతో పట్టాల మీద పరుగెత్తుతూ దాన్ని తోస్తారు, వేగం అందుకున్నాక వెనక ఎక్కి నిలబడతారు. ఆ రోజు నాతోపాటు లోకో డ్రైవర్ గణపత్ వచ్చాడు. ఆసిఫాబాద్ వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి. తెలుగులో మరాఠీ కలిపి మాట్లాడేవాడు. తన తండ్రి తుకారాం ఇదే లైను మీద ట్రాలీమన్‌గా పనిచేసి రిటైరయ్యాడని, కాలనీలోనే ఉంటాడని దారిలో చెప్పాడు. దొరలు గొడుగు పట్టించుకుని కూర్చుంటే ముసలాయన వాళ్లను గని దాకా తోసేవాడట.

కాలనీ దగ్గర దిగగానే ఒక ఆడమనిషి ఎదురొచ్చింది. పేరు రాజవ్వ. స్క్రీనింగ్ ప్లాంటులో పనిచేసేది. అక్కడ ఆడవాళ్లు కదులుతున్న బెల్టు మీది బొగ్గులోంచి రాళ్లు ఏరుతారు. వేళ్ల సందుల్లో పోని నలుపుతో, చీర కొంగు నడుముకు బిగించి, ఆమె తొందర లేకుండా మాట్లాడింది. లైను పీకేస్తున్నారని విన్నామని, నిజమేనా అని అడిగింది. నిజమేనన్నాను.

"బొగ్గును మోసిన పట్టాలు మనుషులను మొయ్యయా సారూ?" అంది.

మోయొచ్చని, కానీ పైనుంచి ఉత్తర్వు ఉందని చెప్పాను. ఆమె వాదించలేదు. వంతెన వైపు చూపించింది. "మా సరోజ ఏడు పాసైంది. ఎనిమిది సదవాల్నంటె వాగు దాటాలె. గీ కాలనీల ఏడు తరువాత సదివిన ఆడిపోరి ఒక్కతి లేదు. పోయిన వానకాలం నిండు నెలల పిల్లను మంచం మీద పెట్టి నలుగురు మొగోళ్లు గీ బిర్జి దాటిచ్చిన్రు. ఆ పిల్ల కండ్లు మూసుకొని పడుకున్నది, మేం గట్టున నిలవడి కండ్లు మూసుకున్నం. పట్టాలు పీకినంక గా తొవ్వ గూడ ఉండది."

ఆ పిల్ల బతికిందా అని అడిగాను. బతికిందని, పక్క వరసలోనే ఉంటుందని చెప్పింది.

తిరుగు దారిలో వంతెన రాగానే ట్రాలీ ఆపించి దిగాను. నడిచి దాటాను. ఎండాకాలం, కింద వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. అయినా సగం దాటాక మిగిలిన దూరం వంగి పట్టా పట్టుకుని దాటాను. నిండు గర్భిణిని మోస్తూ, వానలో, తడి స్లీపర్ల మీద నడవడం ఎలా ఉంటుందో ఊహకు అందలేదు.

మరునాడు జనరల్ మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఆయన రాజమండ్రి మనిషి. మాట కరుకు, మనసు చెడ్డది కాదు. వానాకాలంలో కాలనీ నుంచి రావలసినవాళ్లు షిఫ్టుకు రాలేక ఎంత పని పోతున్నదో ముందు చెప్పాను. టబ్బుల చక్రాల మీద కూర్చునే పెట్టెలు కట్టి మనుషులను తేవచ్చన్నాను. కొన్ని గనుల్లో లోపలికి దిగే కార్మికుల కోసం మ్యాన్ రైడింగ్ కార్లు ఉంటాయి, అలాంటివే నేల మీద నడుపుదామన్నాను. ఆయన అంతా విన్నాడు.

"ఆలోచన బాగానే ఉందయ్యా. నాకు మాత్రం వానలు ముదిరేలోపు పట్టాలు కావాలి. అవి ఎక్కడినుంచి వచ్చాయని కొత్త గని నన్ను అడగదు. నువ్వు ఇంకెక్కడైనా చూపిస్తే ఆ లైను నీకు వదిలేస్తాను."

వెక్కిరింపుగా అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియదు. నేను మాత్రం నిజంగానే తీసుకున్నాను.

రెండు రోజులు అదే ఆలోచన. మూసేసిన ఇంక్లైన్ లోపల పట్టాలు ఉన్నాయని అందరికీ తెలుసు. మూసేటప్పుడు ఊట నీళ్లు తొందరగా పైకి రావడంతో తియ్యకుండానే వదిలేశారు. అవి నీళ్లలో మునిగే ఉన్నాయన్నది అందరి నమ్మకం. అయితే ఈమధ్య పక్క గనిలో పెద్ద పంపులు పెట్టి పగలూ రాత్రీ నీళ్లు తోడుతున్నారు. కాలనీ బావుల్లో నీళ్లు అడుగంటాయని జనం మొత్తుకుంటున్నారు. బావులు దిగితే గనిలో నీళ్లు కూడా దిగి ఉండాలి కదా అనిపించింది. అనుమతి తీసుకుని, సేఫ్టీ ల్యాంపు పట్టుకుని, ఒక అండర్ మేనేజర్‌తోనూ గణపత్‌తోనూ కలిసి లోపలికి దిగాను. సేఫ్టీ ల్యాంపు మంట రంగును బట్టి లోపల చెడుగాలి ఉందో లేదో తెలుస్తుంది. మంట కుదురుగానే ఉంది. ఇటుక కమానుతో కట్టిన పెద్ద దారి చెక్కు చెదరలేదు. దిగుతూ పోయాం, ఇంకా దిగాం, నీళ్లు తగల్లేదు. దీపం వెలుగు పడినంత మేరా రెండు వరసల పట్టాలు. పైన తుప్పు. సుత్తితో కొడితే కింద గట్టి ఉక్కు మోగింది.

గణపత్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని నవ్వాడు. నాకైతే అక్కడే గెంతాలనిపించింది.

కనిపించడం వేరు, పైకి తేవడం వేరు. హాలేజ్ ఇంజిను, అంటే ఇనప మోకుతో టబ్బులను పైకి గుంజే యంత్రం, ఎప్పుడో విప్పి పట్టుకుపోయారు. కొత్త గని పనుల వల్ల మనుషులు కూడా ఖాళీగా లేరు. ఆ సంగతి కాలనీలో చెప్పాను. రాజవ్వ మొగుడు కొమురయ్య టింబర్‌మన్, గనిలో పైకప్పు ఊడకుండా దుంగలు నిలబెట్టేవాడు. సెలవు రోజుల్లో తాము వస్తామని, దానికి ఎవరూ ఏమీ ఇవ్వనక్కర్లేదని ఆయనే ముందు అన్నాడు. తరువాతి ఆదివారం పొద్దున ఇంక్లైన్ ముందు కాలనీ మగవాళ్లంతా నిలబడి ఉన్నారు. తలకు దీపం, చేతిలో గడ్డపార, నడుముకు సద్దిమూట.

లోపల మగవాళ్లు బోల్టులు కోసి, పట్టాలు విడదీసి, పాత టబ్బుల మీద పేర్చేవారు. బయట మోకు పట్టుకుని గుంజేది ఆడవాళ్లు. నేను ఒక చేతి గిలక బిగించాను గాని, వరుస కట్టి లాగితేనే అది తిరిగేది. రాజవ్వ ముందు నిలబడి పాట అందుకునేది. నాట్లు వేసేటప్పుడు పాడుకునే పాట. వెనక అందరూ పట్టుకునేవారు. పట్టాల మొదటి మోపు గని నోట్లోంచి ఎండలోకి రాగానే ఎవరో దానికి పసుపు పూశారు. ఇంకెవరో బొట్టు పెట్టారు. అలా కొన్ని ఆదివారాలు గడిచాయి. ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు. తొలి వానలు పడే నాటికి కొత్త గనికి కావలసినన్ని పట్టాలు ఇంక్లైన్ ముందు గుట్టగా పడి ఉన్నాయి.

జనరల్ మేనేజర్ జీపు దిగి ఆ గుట్ట చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక పట్టా మీద బూటు కాలితో తన్ని చూశాడు. "మాటంటే మాటే. నీ లైను నీది," అన్నాడు. ఆ తరువాత పక్కన నిలబడ్డ ఆడవాళ్లను చూసి, ఎవరూ అడగకుండానే, వర్క్‌షాపు నుంచి తగరపు రేకులు, పలకలు తీసుకోమన్నాడు.

పెట్టెలు కట్టడం నాకు ఇష్టమైన పని. టబ్బు చక్రాలు తీసుకుని, వాటి మీద పలక బెంచీలు, పైన రేకు, పక్కన గొలుసు. ప్రతి పెట్టెకూ చేత్తో తిప్పి బిగించే బ్రేకు. వంతెన మీద స్లీపర్ల మధ్య ఖాళీ కనబడకుండా ఇరువైపులా ఇనప రేకులు పరిపించాను. ఇంత చేసినా, మనుషులను ఎక్కించడానికి అనుమతి ఇవ్వాల్సిన తనిఖీ అధికారి వచ్చిన రోజు పరువు పోయినంత పనైంది. ఇసుక బస్తాలు నింపి, వంతెనకు ముందున్న పల్లంలో బ్రేకు వేసి చూపించమన్నాడు. సన్నటి తుంపర పడుతోంది. గణపత్ బ్రేకు బిగించాడు. చక్రాలు తిరగడం ఆగింది గాని బండి ఆగలేదు. తడి పట్టాల మీద జారుతూ జారుతూ వంతెన అంచు దాకా పోయి నిలిచింది. అధికారి గడియారం చూసుకుని, ఇలాగైతే కుదరదని చెప్పి, బాగుచేసుకుంటే మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

నా తల కొట్టేసినట్టయింది. కాలనీ వాళ్లంతా గట్టు మీద నిలబడి చూశారు. మరునాడు స్టేషనుకు పోయి పెద్ద రైలు ఇంజిన్లను చూస్తూ కూర్చున్నాను. తడి పట్టాల మీద చక్రం జారకుండా వాటికి ఇసుక పెట్టెలు ఉంటాయి. గొట్టంలోంచి ఎండు ఇసుక సరిగ్గా చక్రం ముందు పడుతుంది. అది పుస్తకంలో చదివిందే, కాని మా చిన్న లోకోలకు ఎప్పుడూ అవసరం పడలేదు. వాగులోనే కావలసినంత ఇసుక ఉంది. వేయించి ఎండబెట్టి, లోకోకూ పెట్టెలకూ గొట్టాలు బిగించాం. అధికారి రెండోసారి వచ్చినప్పుడు వాన ఇంకా పెద్దది. గణపత్ కావాలనే ఇంకాస్త వేగంగా దించాడు, ఇసుక వదిలాడు, బ్రేకు బిగించాడు. బండి కీచుమని సగం పల్లంలోనే ఆగిపోయింది. అధికారి ఈసారి గడియారం చూడలేదు. తానే ఒక పెట్టెలో ఎక్కి కూర్చుని కాలనీ దాకా తీసుకుపొమ్మన్నాడు.

అనుమతి వచ్చింది, షరతులతో. మనిషి పరుగు కంటే వేగం మించకూడదు. నిలబడి ప్రయాణం చేయకూడదు. పశువులను ఎక్కించకూడదు. ఆ చివరి మాట మీద మేకలు పశువులవుతాయా కావా అని కాలనీలో కొన్నాళ్లు తగాదా నడిచింది. ఒళ్లో పట్టే పిల్ల అయితే కాదని గణపత్ తీర్పు చెప్పాడు.

బండి మొదలైన రోజు లోకోకు బంతిపూల దండలు వేశారు. జనరల్ మేనేజర్ కోసం ముందు పెట్టెలో మొదటి బెంచీ మీద దుప్పటి పరిచి ఉంచాం. ఆయన రావడానికి ముందే గణపత్ తన తండ్రిని చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. తుకారాం అప్పటికి బాగా ముసలివాడు. తెల్ల పగిడీ, ఉతికిన ధోతీ. మడమలు పలకల్లా పగిలిపోయి ఉన్నాయి. పట్టాల దగ్గరికి వచ్చి అలవాటుగా పెట్టె వెనక్కి వెళ్లి నిలబడ్డాడు, తోసేవాళ్లు నిలబడే చోట. గణపత్ ఆయనను ముందుకు తెచ్చి దుప్పటి పరిచిన బెంచీ చూపించాడు. ముసలాయన ఎక్కలేదు.

"ఉమరంత ఉరికిన గీ పట్టాల మీద. ఒక్కనాడు కూసోలే," అన్నాడు నాతో. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, జరిగింది చెప్తున్నట్టు.

"ఇయ్యాల కూసో బాబా. నేను నడుపుత," అన్నాడు గణపత్.

అంతలో జనరల్ మేనేజర్ వచ్చాడు. సంగతి ఎవరో చెప్పారు. ఆయన ముసలాయన మోచెయ్యి పట్టుకుని పైకి ఎక్కించి, తాను ఆయన పక్కన కూర్చున్నాడు. బండి కదిలింది. కాలనీ అంతా గట్టు వెంట నడుస్తోంది, పిల్లలు ఉరుకుతున్నారు. వంతెన మీదికి రాగానే తుకారాం రెండు చేతులతో గొలుసు పట్టుకుని కిందికి వంగి నీళ్లను చూశాడు. ఇన్నేళ్లూ కాళ్ల కింది పట్టా తప్ప ఆయన ఆ వాగును తీరుబడిగా చూసి ఉండడు.

జనం దానికి డబ్బల బండి అని పేరు పెట్టారు. పొద్దున మొదటి షిఫ్టు వాళ్లు, తరువాత స్క్రీనింగ్ ఆడవాళ్లు, ఆ తరువాత బడి పిల్లలు, అంగడి రోజున గంపలు. ఆ ఏడాది హైస్కూల్లో ఎనిమిదో తరగతిలో మా కాలనీ ఆడపిల్లలు ఒక బెంచీ నిండా కూర్చున్నారు. వాళ్లలో రాజవ్వ బిడ్డ సరోజ ఉంది. బండి ఆలస్యమవుతోందని నేను గణపత్‌ను చాలాసార్లు మందలించాను. ఎవరో ఒకరు దూరం నుంచి ఉరికి వస్తుంటే ఆపేవాడు. "జర ఆగుదాం సాబ్, గా పిల్ల జడ గూడ ఏసుకోలే," అనేవాడు. వాళ్లెక్కాకే కదిలేవాడు.

ఇక అసలు పరీక్ష తరువాతి ఏడు శ్రావణంలో వచ్చింది. వాన విడవకుండా పడుతోంది. వాగు కలిసే గోదావరి నిండి, ఆ నీళ్లను తనలోకి రానివ్వక వెనక్కి నెట్టింది. వెనక్కి తన్నిన వాగు కాలనీ వైపు తిరిగింది. పొద్దున బడి పిల్లల ట్రిప్పుతో వచ్చిన గణపత్ బండి దిగీ దిగగానే నా దగ్గరికి పరుగెత్తి, కింది వరస ఇళ్లలోకి నీళ్లు వచ్చాయని చెప్పాడు. మగవాళ్లందరూ మొదటి షిఫ్టులో ఉన్నారు, ఇవతలి గనుల్లో, నేల లోపల. కాలనీలో ఉన్నది, వానకు స్క్రీనింగ్ పని ఆగిపోయి ఇంటి దగ్గరే ఉన్న ఆడవాళ్లు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు. రోడ్డు ఎప్పుడో మునిగిపోయింది. పడవ దించే ధైర్యం ఎవరికీ లేదు, వాగు అంత వడిగా ఉంది.

జనరల్ మేనేజర్‌కు ఫోను చేసి, గనుల నుంచి మగవాళ్లను పైకి తెప్పించమని చెప్పి, నేను గణపత్‌తో లోకో ఎక్కాను. ఉన్న పెట్టెలన్నీ తగిలించాం. కాలనీ చేరేసరికి రాజవ్వ అందరినీ ఇళ్లలోంచి లేపి ఇంక్లైన్ గట్టు మీదికి చేర్చింది. మూటలు వద్దని, మనుషులే రావాలని అరుస్తోంది. బాలింతలు, పసిపిల్లలు ముందు. ఒక ట్రిప్పు పోయింది. ఇంకొకటి పోయింది. పోయి వచ్చినప్పుడల్లా నీళ్లు గట్టుకు దగ్గరవుతున్నాయి. నీటి మట్టం తెలియడానికి వంతెన స్తంభాల మీద నేను ముందే సున్నంతో గీసిన గుర్తులు ఒక్కొక్కటీ మునుగుతున్నాయి. గిర్డరు అడుగుకు నీళ్లు తగిలితే బండి ఆపేయాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఎప్పుడో తగలక తప్పదని తెలుస్తూనే ఉంది.

గట్టు మీద కొద్దిమందే మిగిలారనగా, నిండుగా ఉన్న బండి వంతెన దాటి పట్నం వైపు చేరింది. అప్పుడే కొట్టుకొచ్చిన ఒక పెద్ద తుమ్మ చెట్టు మధ్య స్తంభాన్ని తాకింది. ఆ చప్పుడు వాన హోరులో కూడా వినిపించింది. నేను వంతెన మీదికి వెళ్లి, పట్టా మీద చెంప ఆనించి, వరుస చూశాను. మధ్యలో పట్టా వేలెడంత పక్కకు జరిగింది. స్తంభం నిలిచే ఉంది. కాని లోకో బరువు దాని మీద పెట్టే ధైర్యం నాకు లేదు. కాలనీ వైపు గట్టున, ఈ ట్రిప్పుకు బరువు తగ్గించడానికి విప్పి వదిలిన పెట్టెలు రెండు, వాటి దగ్గర రాజవ్వ, తుకారాం, నడవలేని ముసలివాళ్లు, వాళ్లను విడిచి రాని ఆడవాళ్లు కొందరు.

అంతలో వెనక నుంచి మగవాళ్లు వచ్చారు. గని నుంచి నేరుగా వచ్చినట్టున్నారు. ముఖాల నిండా బొగ్గు, తలమీద దీపాలు ఇంకా ఆర్పలేదు. ముందు కొమురయ్య ఉన్నాడు. ఏం చేద్దామని అడిగాడు. లోకో పోదని, ఒంటి పెట్టె బరువు మాత్రం వంతెన మోస్తుందని, మనుషులను కూర్చోబెట్టి చేత్తో తోసుకు రావాలని, ఒక్కొక్క పెట్టే తేవాలని చెప్పాను. ఇష్టమున్నవాళ్లే రండి అన్నాను. నా మాట పూర్తి కాకముందే వాళ్లు చెప్పులు విప్పేశారు. నేను, గణపత్, కొమురయ్య, ఇంకొంతమంది రేకుల మీదుగా కాలనీ వైపు దాటాం.

ముసలివాళ్లను ఎత్తి పెట్టెల్లో కూర్చోబెట్టాం. తుకారాం ముందు పెట్టెలో ఉన్నాడు. తోసేవాళ్లు పట్టాల మీద పాదాలు ఆనించడం చూసి ఆయన మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. "అడుగు జూడకుర్రి. నా మాట ఇనుర్రి," అన్నాడు. పూర్వం ట్రాలీమన్లు అడుగులు కలవడానికి పాడుకునే పదం ఒకటి అందుకున్నాడు. సగం తెలుగు, సగం మరాఠీ. గొంతు సన్నగా ఉంది గాని తాళం తప్పలేదు. ఆ తాళానికి కాళ్లు కలిశాయి. మొదటి పెట్టె వంతెన ఎక్కింది. పక్కకు జరిగిన చోట చక్రం టక్కుమని తూలింది, మళ్లీ సర్దుకుంది. దాటింది. పట్నం గట్టున వందల చేతులు దాన్ని అందుకున్నాయి.

రెండో పెట్టెకు వెనక్కి వచ్చేసరికి నీళ్లు గిర్డరు అడుగును నాకుతున్నాయి. నేను పెట్టుకున్న నియమం ప్రకారం ఇక ఆపాలి. గట్టున మిగిలినవాళ్లను చూశాను, ఇంక నియమం సంగతి ఆలోచించలేదు. రాజవ్వ ఎక్కనంది. ప్రతి ఇంటి పేరూ పైకి చెప్పుకుంటూ, ఎవరూ మిగల్లేదని నమ్మకం కుదిరాకే పెట్టె వెనక్కి వచ్చింది. ఎక్కి కూర్చోమంటే, "నేను సుత తోస్త," అని కొమురయ్య పక్కన భుజం ఆనించింది. ఈసారి పాడింది ఆమె. మా పాదాల మీదుగా నీళ్లు చిమ్ముతున్నాయి. ఎవరూ కిందికి చూడలేదు. వంతెన దాటి నేల తగిలినప్పుడు కూడా చాలా దూరం అలా తోస్తూనే ఉన్నాం, ఆగడం ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ పూట హైస్కూలు గదుల్లో ఇల్లిల్లూ పేరు పెట్టి పిలిచి చూశారు. ఒక్క మనిషి తక్కువ కాలేదు. జనరల్ మేనేజర్ పంచె మడిచి కట్టుకుని గంజి బకెట్లు మోయించాడు. నన్ను చూసి, దగ్గరికొచ్చి నా తడి భుజం మీద చేయి వేసి కాసేపు అలాగే ఉంచాడు. బయట వరండాలో గణపత్ తన తండ్రి కాళ్లు ఒళ్లో పెట్టుకుని తుడుస్తున్నాడు. పిల్లలు ముసలాయన చుట్టూ చేరి ఆ పదం మళ్లీ పాడమని పీడిస్తున్నారు.

కొన్ని ఇళ్ల గోడలు కూలాయి, వంతెన మాత్రం కూలలేదు. నీళ్లు తగ్గాక స్తంభం చుట్టూ సిమెంటు పోసి, పట్టా వరుస సరిచేసి, మళ్లీ బండి నడిపాం. ఆ తరువాత డబ్బల బండిని ఆపేద్దామన్న మాట ఎవరి నోటా రాలేదు. రోడ్డుకు ఎత్తయిన వంతెన వచ్చి, కాలనీలోకి బస్సు తిరగడం మొదలయ్యేదాకా, అంటే ఎనభైల చివరి దాకా, అది నడిచింది. సరోజ పది పాసై, మంచిర్యాలలో నర్సింగ్ చదివి, మా పట్నం దవాఖానలోనే చేరింది. తన చేతుల మీదుగా పుట్టిన కాలనీ పిల్లల లెక్క తనకే తెలియదని ఒకసారి నవ్వుతూ చెప్పింది.

మా శాఖలో కొత్తగా చేరిన ఇంజినీర్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, ఉద్యోగంలో ఏం నేర్చుకున్నారని అడుగుతారు. వాళ్లకు నేను చెప్పేది చిన్న మాట. కాగితం మీద వాడకంలో లేదని రాసి ఉన్నదాన్ని పీకే ముందు, పొద్దున బడి వేళకు ఒకసారి అక్కడికి వెళ్లి నిలబడండి. ఎవరు దాని మీద నడుస్తున్నారో చూడండి, మీరు కూడా నడవండి. నేను వేసిన లైన్లన్నీ బొగ్గు అయిపోగానే పోయాయి. పీకకుండా ఉంచిన ఆ ఒక్క లైను మీదుగా ఒక కాలనీ మొత్తం ప్రాణాలతో గట్టెక్కింది. నా ఉద్యోగానికి అంతకంటే పెద్ద జీతం ఇంకేదీ ముట్టలేదు.